లేని నిప్పురవ్వలు

చీకటి గదిలోకి కిటికీ సందు గుండా ఎండ పడినప్పుడు అందులో తేలియాడే ధూళికణాలను గుప్పిట పట్టడానికి ప్రయత్నించని బాల్యం ఉండదు. ఆ కణాలు లేనిదే ఆ కిరణం మన కంటికి కనిపించదని, ఆ కిరణం లేనిదే ఆ కణాలూ కనిపించవని తరువాత ఎప్పుడో భౌతికశాస్త్ర పాఠంలో తెలుసుకుంటాము. బస్రాలో జన్మించి కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్ 11వ శతాబ్దపు తొలినాళ్లలో ‘కితాబుల్ మనాజిర్’ అను దృష్టిశాస్త్ర గ్రంథాన్ని రచించాడు. కాంతి ఋజుమార్గంలో పయనిస్తుందనడానికి ఆయన చూపిన నిదర్శనాలలో ధూళి నిండిన గదిలోకి రంధ్రం గుండా ప్రవేశించే వెలుగు ఒకటి. వెయ్యేండ్ల తరువాత నేడు మన విద్యార్థులు ఆ రెండింటినే, అనగా కణాలను, కాంతిని, అరచేతిలోని ఫోనులోకి ఉచితంగా దింపుకొని తాము తీసిన వీడియోల పైన పరచుకుంటున్నారు. దీనినే వారు ఓవర్లే అంటారు.

తెలుగు బోధించేవారికి ఈ విషయంతో పనియేమిటని కమిటీ పెద్దలు అడుగవచ్చు. అలంకారశాస్త్రం మా పాఠ్యాంశం. అలంకారం ఎక్కడ ఉంటే అక్కడ మాకు కొంత పని ఉంటుంది. పైగా వార్షికోత్సవానికి విద్యార్థులు తయారుచేసే లఘుచిత్రాన్ని పర్యవేక్షించే బాధ్యత గత మూడేండ్లుగా మా మీదనే పడుతున్నది. మా విద్యార్థులలో పలువురు సాయంకాలాలు పెళ్లి వీడియోలు తీసే దుకాణాలలో పని చేస్తూ రుసుములు కట్టుకుంటున్నారు. షాదీఖానాలో ముఖ్యద్వారం వద్ద వరుడు దిగినది మొదలు విదాయీ వరకు వీరి కెమెరాలు వెన్నంటి ఉంటాయి. మరునాడు ఆ చిత్రాలపైన గులాబీ రేకులు రాలుతాయి, వధూవరుల పేర్ల వెనుక బంగారు రజను ఎగురుతుంది, తెర అంచులలో నారింజ రంగు వెలుగు మెరిసి మాయమవుతుంది. చేసే చేతులు మన తరగతి గదిలోనివే కనుక, ఆ చేతులకు తాము చేస్తున్న దాని తత్త్వం తెలియాలన్నదే మా ఆశ.

ఓవర్లే రహస్యమంతా నలుపులో ఉన్నది. నల్లని గుడ్డ ముందు నిప్పురవ్వలను, వానచినుకులను, పొగను, సన్నని పిండిని ఎగురవేసి చిత్రీకరిస్తారు. లేదా కంప్యూటరులోనే పుట్టిస్తారు. 1982లో విడుదలైన ‘స్టార్ ట్రెక్’ రెండవ చిత్రంలో నిర్జీవమైన ఒక గ్రహాన్ని అగ్నిజ్వాల చుట్టివేసే దృశ్యం కలదు. దానిని లూకస్‌ఫిల్మ్ సంస్థకు చెందిన విలియం రీవ్స్ అసంఖ్యాకమైన కణాలతో నిర్మించి, ఆ పద్ధతిని 1983లో పార్టికల్ సిస్టమ్స్ అను పేరుతో వివరించాడు. ప్రతి కణానికీ ఒక జన్మస్థానం, ఒక వేగం, ఒక రంగు, ఒక ఆయుఃప్రమాణం ముందే నిర్ణయింపబడి ఉంటాయి. ఆయువు తీరగానే కణం అంతరిస్తుంది. ఇది చదివినప్పుడు మాకు గణితం కంటె వేదాంతమే ఎక్కువగా స్ఫురించింది.

ఇట్లా తయారైన నల్లని వీడియోను మన వీడియో పైన ఉంచి, కైన్‌మాస్టర్ వంటి ఫోను పరికరంలోగాని, డావిన్చి రిజాల్వ్ వంటి కంప్యూటరు పరికరంలోగాని స్క్రీన్ అను మిశ్రణ విధానాన్ని ఎంచుకుంటే నలుపు మాయమై నిప్పురవ్వలు మాత్రమే మిగులుతాయి. ఇది ఎట్లు జరుగుతుందో మా విద్యార్థులలో నూటికి తొంభైమందికి తెలియదు. తెలిసినవారికి సగం పొరపాట్లు తప్పుతాయి కనుక ఆ లెక్కను ఇక్కడ చెబుతాము. నలుపు విలువ సున్న, తెలుపు విలువ 100 అనుకుందాము. అడుగు చిత్రంలో ఒక బిందువు విలువ 20, పైనున్న రవ్వ విలువ 60. ఈ రెండూ నూటికి ఎంత తక్కువగా ఉన్నవో చూడాలి: 80, 40. ఆ రెండు కొరతలను గుణించి నూటితో భాగిస్తే 32 వస్తుంది. నూటిలో నుండి 32 తీసివేస్తే 68. అదే తెర మీద కనిపించే విలువ. పైన నలుపు ఉన్నచోట కొరత నూటికి నూరే కనుక అడుగు చిత్రం చెక్కుచెదరదు.

ఇప్పుడు అడుగు బిందువు విలువ 90 అనుకోండి. కొరతలు 10, 40. వాటి ఫలితం 4. కనుక తెర మీద 96. చీకటిలో 48 మెట్లు పెంచిన రవ్వ వెలుతురులో ఆరు మెట్లు మాత్రమే పెంచగలిగింది. మిట్టమధ్యాహ్నం చార్మినార్ ముందు నిలబడి తీసిన వీడియోలో నిప్పురవ్వలు కనిపించడం లేదని ఫోనును నిందించే విద్యార్థికి ఇదే సమాధానం. కొత్తగా వెలుగు పెట్టాలంటే అక్కడ కొంత చీకటి మిగిలి ఉండాలి.

ఇది నిన్నమొన్నటి ఊహ కాదు. ఫిలిం కాలంలో కూడా నలుపే ఆధారం. వెలుగు సోకని ఫిలిం భాగం మరొక దృశ్యం కొరకు ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. 1961 జనవరిలో విడుదలైన ‘సీతారామ కల్యాణం’లో రావణుని పది తలలను చూపడానికి ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ ఫిలిం చట్రాన్ని భాగాలుగా విభజించి, ఒక్కొక్కమారు ఒక్క భాగాన్ని మాత్రమే తెరచి, మిగిలినవాటిని నల్లని మాస్కుతో కప్పి, అదే ఫిలింను పదిమార్లు వెలుగుకు గురిచేశాడు. రావణ పాత్రధారియు, దర్శకుడును అయిన నందమూరి తారక రామారావు గంటల తరబడి కదలకుండా నిలబడవలసి వచ్చింది. పదవ తలకు పొరపాటు జరిగితే ముందరి తొమ్మిది తలలూ పోతాయి. నేడు మన విద్యార్థి వేలితో వెనుకకు నొక్కితే అన్నీ యథాస్థానానికి వస్తాయి. ఆ సౌకర్యాన్ని మేము నిరసించడం లేదు. కాని చేసే ముందు ఆలోచించే అలవాటు ఆ సౌకర్యంతో పాటే కొంత పోయిందేమో అనిపిస్తుంది.

అంతకు నాలుగేండ్ల ముందటి ‘మాయాబజార్’ నౌకావిహార గీతంలోని వెన్నెలను గురించి ఎంత చెప్పినా తక్కువే. మార్కస్ బార్ట్లీ కల్పించిన ఆ వెన్నెల దృశ్యం పైన అతికించినట్లుండదు. అది నీటి మీద ఉన్నది, పడవ అంచు మీద ఉన్నది, నటీనటుల చెక్కిళ్ల మీద ఉన్నది. ఓవర్లే చేయలేని పని సరిగ్గా ఇదే. ఓవర్లేలోని దీపం ముఖం ముందు వెలుగుతుందే కాని ముఖాన్ని వెలిగించదు. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రానికి మన నగరంలోని మకుట సంస్థ సాధించిన జాతీయ పురస్కారం వెనుక ఉన్న శ్రమలో అధికభాగం, లేని ప్రాణికి ఉన్న వెలుగును సరిపోల్చడంలోనే ఖర్చయి ఉంటుందని మా విశ్వాసం.

ఇక అసలు సంగతి. ఈ యేటి లఘుచిత్రానికి మా విద్యార్థులు పాతబస్తీలోని చేతివృత్తులను ఎన్నుకున్నారు. నలుగురు విద్యార్థులు, ఒక ఫోను, అయిదు నిమిషాల చిత్రం. వారిలో ఒకరి తండ్రి లాడ్ బజార్ వెనుక సందులో లక్క గాజులు చేస్తారు. కుంపటి మీది వేడికి లక్కను మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, దానిపై రంగు లక్క ఎక్కించి, వలయంగా వంచి, లక్క చల్లారకముందే అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా అదుముతారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు గాజుకు లభించిందే కాని గాజు చేసేవారికి డజనుకు ఇచ్చే కూలిలో మార్పేమీ రాలేదని ఆ తండ్రి నవ్వుతూ చెప్పారు.

ఆయన పని చేస్తుండగా తీసిన దృశ్యం 45 సెకండ్లు. కుమారుడు దానిపై నిప్పురవ్వల ఓవర్లే పరచాడు. కుంపటి నుండి రవ్వలు గుంపులు గుంపులుగా లేచి తండ్రి ముఖం ముందు నుండి పైకి ఎగిరిపోతున్నవి. తరగతి గదిలో ప్రదర్శించినప్పుడు చప్పట్లు మ్రోగాయి. చిత్రంలో కనిపించే వ్యక్తి చూసి సరే అనకుండా ఏ చిత్రాన్నీ వేదిక ఎక్కించరాదని మాకొక నియమం కలదు. అందువలన ఒక సాయంకాలం ఆ విద్యార్థితో కలిసి వారి దుకాణానికి వెళ్లాము. ఆయన చేతులు తుడుచుకొని, మాకు చాయ్ తెప్పించి, ఫోనును కండ్లకు దూరంగా పట్టుకొని రెండుమార్లు చూశారు.

“ఇత్తే చింగారియాఁ కాఁ సే ఆయే, బేటా?” అన్నారు.

కొడుకు, అందంగా ఉంటుందని పెట్టాను అబ్బా, అన్నాడు. ఆయన కోపగించలేదు. మా వైపు తిరిగి వివరించారు. బొగ్గు తడిసి ఉంటేనో, విసనకర్రతో మితిమీరి విసిరితేనో రవ్వలు లేస్తాయి. మెత్తబడిన లక్క మీద ఒక రవ్వ పడితే నల్లని మచ్చ మిగులుతుంది. ఆ గాజు పోయినట్లే. అందుకే బొగ్గుల మీద బూడిద కప్పి, వేడి మాత్రమే పైకి వచ్చేటట్లు చూసుకుంటారు. నివురుగప్పిన నిప్పు అను మాటను మనము తరగతి గదిలో జాతీయంగా చెబుతాము. అక్కడ అది పనిముట్టు. “లెక్చరర్ సాబ్, ముప్పై ఏండ్లలో నా కుంపటి ఇట్లా ఎగరలేదు. ఈ వీడియో మా సేఠ్ చూస్తే, ఈ మనిషికి నిప్పు పట్టడం కూడ రాదంటాడు,” అన్నారు.

ఆయన ఆ దుకాణానికి డజను లెక్కన పని చేసేవారు. సేఠ్ మాట ఆయనకు అలంకార చర్చ కాదు, ఇంటి బియ్యం.

విద్యార్థి చాలాసేపు మౌనంగా ఉండి, మూలచిత్రం తన వద్ద ఉన్నదన్నాడు. మరునాడు నలుగురు విద్యార్థులు, మేము కలిసి ఆ మూలచిత్రాన్ని శబ్దం లేకుండా చూశాము. పైనున్న తార్పాలిన్ చిరుగులో నుండి మధ్యాహ్నపు ఎండ ఒక పట్టెగా దిగి ఆయన ఎడమచేతి మీద పడుతున్నది. అందులో సన్నని పొగ కదలుతున్నది. అంతవరకు దానిని ఎవరూ గమనించలేదు. రవ్వల వెనుక అది పూర్తిగా మరుగుపడింది.

రవ్వలను తొలగించి, ఆ ఎండపట్టె ఆకారంలోనే ఒక మాస్కు గీసి, అంచులు మెత్తబరచి, దానిలోపల మాత్రమే ధూళికణాల ఓవర్లే ఉంచారు. తీవ్రతను నూటికి 30కి తగ్గించారు. అయినను చిత్రమంతా పలుచని తెర కప్పినట్లు వెలిసిపోయింది. కారణం ఏమిటంటే, ఉచితంగా దొరికే ఓవర్లేలలో నలుపు నిజమైన నలుపు కాదు. సున్నకు బదులు నాలుగో అయిదో ఉంటుంది, దానిని కూడ స్క్రీన్ విధానం నిజాయితీగా కలుపుతుంది. కర్వ్స్ తెరచి ఆ నలుపును క్రిందికి దించితే తెర తొలగిపోయింది. నాలుగు సెకండ్ల పాటు ఆయన చేయి ఎండపట్టెకు అడ్డంగా కదులుతుంది. ఆ సమయంలో ధూళి చేతికి వెనుక ఉండాలి కాని ముందు కాదు. సెకండుకు 30 చట్రాల చొప్పున 120 చట్రాలలో చేతి రూపురేఖను వేలితో గీయడానికి రెండు రాత్రులు పట్టింది. కుంపటి వెలుగు వ్రేళ్ల అడుగున తగలాలని ఒక విద్యార్థిని సూచించింది. పలుచని నారింజ రంగు పొరను వ్రేళ్ల క్రింది భాగానికే పరిమితం చేసి, బొగ్గు కణకణలాడే లయకు అనుగుణంగా దాని తీవ్రతను కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ పోయారు. చూసేవారు దీనిలో ఓవర్లే ఉన్నదని గుర్తించలేరు. తండ్రి గారు మాత్రం గుర్తించారు. తన చేతి మీద అంత ధూళి ఉండదని ఒక చిన్న అభ్యంతరం తెలిపి, ఇది ఉండనిమ్మన్నారు. తన ఫోనులోకి కూడ పంపుమన్నారు.

అభ్యంతరం ఉన్న ధూళిని ఉంచి, రవ్వలను తీసివేయడంలో న్యాయమేమిటని ఒక విద్యార్థి ప్రశ్నించాడు. రెండూ లేనివే కదా! ఈ ప్రశ్నకు సమాధానం మన రెండు భాషల అలంకారశాస్త్రాలలోను వెదకవలసి వచ్చింది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. అది అందరికీ తెలిసినదే, అంగీకరించినదే. కాని ఏది ఉచితమో కొలవడానికి కొలబద్ద కావాలి. అరబీ, ఫారసీల నుండి ఉర్దూకు సంక్రమించిన అలంకారశాస్త్రం అతిశయోక్తిని, అనగా ముబాలగాను, మూడు మెట్లుగా విభజిస్తుంది. బుద్ధికీ అనుభవానికీ రెండింటికీ సాధ్యమైనది తబ్లీగ్. బుద్ధికి సాధ్యమే కాని వాడుకలో జరగనిది ఇగ్రాఖ్. రెండింటికీ అసాధ్యమైనది గులూ. విమర్శకుల ఆక్షేపణ ఎక్కువగా గులూ మీదనే.

ఎండపట్టెలో ధూళిని కొంత పెంచడం తబ్లీగ్. ఆ ధూళి ఉన్నదే, కంటికి ఆనలేదు. గాజుల కుంపటి నుండి రవ్వలు లేవడం ఇగ్రాఖ్. లేవవచ్చును, కాని ఆయన కుంపటి నుండి లేవవు. చార్మినార్ మీద బంగారు మంచు కురవడం గులూ. ఇంతవరకు శాస్త్రం ప్రకారమే నడిచాము. ఇక్కడ మేము పూర్వ విమర్శకులతో విభేదిస్తాము. కవిత్వంలో ఏమో కాని, వీడియోలో గులూ వలన ఎవరికీ హాని లేదు. 1591 నాటి చార్మినార్ మీద బంగారు మంచు కురిసిందని నమ్మేవారు ఎవరూ ఉండరు. అది వేడుక అని పసిపిల్లలకు కూడ తెలుసు. పెళ్లికూతురు చుట్టూ రాలే గులాబీ రేకులూ అటువంటివే. మన కళాశాల భవనం మీద బంగారు రజను కురిపించవలసినదని ఒక పెద్దలు సూచించగా వెంటనే కురిపించాము. భవనానికి సున్నం వేయించే విషయం ఇంకను పరిశీలనలో ఉన్నది. భయపడవలసినది మధ్య మెట్టును చూసి. నమ్మదగినది, కాని జరగనిది, అదే చూసేవారి కండ్లలో నిజంగా నిలిచిపోతుంది.

ఈ మాటను ఊహించి చెప్పడం లేదు. గత రంజాన్ మాసంలో మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు తమ వీధిని మేడ మీది నుండి చిత్రించి, ఎదురింటి పైకప్పు మీద మంటల ఓవర్లే పెట్టి, తమాషాకు బంధువుల గ్రూపులో పంపించాడు. అరగంట గడవకముందే అది సౌదీ అరేబియాలో ఉన్న అతని ఖాలాకు చేరింది. ఆ ఎదురిల్లు ఆమె అత్తవారిది. ఆమె చేసిన ఫోనులు ఎవరూ ఎత్తలేదు. అందరూ తరావీహ్‌కు వెళ్లి ఉన్నారు. రెండు గంటల పాటు ఆమె పొందిన వేదన ఏమిటో తరువాత ఆ విద్యార్థి స్వయంగా మాకు చెబుతూ కంటతడి పెట్టుకున్నాడు. ఆ వీడియో ఈ లోపల గ్రూపు దాటి మరి ఏడెనిమిది చోట్లకు పోయింది. పాతబస్తీలో ఒక పుకారు ఎంత దూరం పోగలదో, పోయి ఏమేమి చేయగలదో ఈ పత్రిక చదివేవారికి వివరించనవసరం లేదు. ఆ రాత్రి అది అంతటితో ఆగడం మన అదృష్టం.

ఆ వీడియోను మేము తరగతిలో ప్రదర్శించలేదు. ఆ విద్యార్థిని నొప్పించడం మా ఉద్దేశం కాదు. కాని అటువంటిది ఎదురైనప్పుడు ఏమి చూడాలో నేర్పాము. మొదట మంట పక్కనున్న గోడను చూడాలి. నిజమైన మంట గోడను ఎర్రబరుస్తుంది, కిటికీ ఊచల నీడలను కదిలిస్తుంది. ఓవర్లే మంటకు గోడ ఉన్నదనే తెలియదు. రెండవది, కెమెరా కదలికను చూడాలి. తీసేవారి చేయి వణికినప్పుడు ఇల్లు కదిలి మంట కదలకపోతే ఆ మంట ఇంటి మీద లేదు, అద్దం మీద ఉన్నది. ఇక పొగ. స్క్రీన్ విధానం వెలుగును కలపగలదే కాని తీసివేయలేదు. దాని లెక్కలో ఫలితం అడుగు చిత్రం కంటె ఎన్నడూ తగ్గదు. అందువలన ఆ విధానంలో పెట్టిన పొగ వెనుకనున్న దానిని ఎన్నడూ నల్లబరచదు, వెలిసినట్లే చేస్తుంది. బట్టలు, ప్లాస్టిక్కు, చెక్క కాలుతున్న ఇంటి పొగ నల్లగా వచ్చి వెనుకనున్న ఆకాశాన్ని కప్పివేస్తుంది. ఇతర విధానాలలో నల్లని పొగనూ పెట్టవచ్చును కనుక ఇది సంపూర్ణమైన పరీక్ష కాదు; అయినను తొందరపాటుగా చేసిన తమాషాలలో చాలావరకు ఇక్కడే పట్టుబడతాయి.

పాతకాలపు చిత్రం నిజం, నేటి చిత్రం అబద్ధం అని వాదించేవారితో మేము ఏకీభవించము. 6వ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్ దయాళ్‌కు లభించిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కెమెరా పట్టినవారిని చిత్రకారుడని పిలవడానికి మన పూర్వులు సంకోచించలేదు. మా తాతగారి ఫోటోలో చెక్కిళ్లకు కుంచెతో అద్దిన గులాబీ రంగు నేటికీ ఉన్నది. ఆయన చెక్కిళ్లు ఎన్నడూ ఆ రంగులో లేవని మా దాదీ చెప్పేవారు, చెబుతూనే ఆ ఫోటోను తుడిచి గోడకు తగిలించేవారు.

గాజుల తండ్రి గారి కుమారుడు ఇప్పుడు డిగ్రీ పూర్తి చేసి, పెళ్లి వీడియోల దుకాణంలో పూర్తికాలం పని చేస్తున్నాడు. వలీమా వీడియోలకు బంగారు రజను తప్పనిసరి అని, దానికి వేరుగా రుసుము కూడ ఉన్నదని చెప్పాడు. నికాహ్ జరిగే ఘట్టంపై మాత్రం ఏమీ పెట్టవద్దని పెద్దలు చాలామంది తామే కోరుతున్నారట. అది విని మేము కొంత ఆశ్చర్యపడ్డాము.

వచ్చే యేటి లఘుచిత్రానికి పని జూలై నుండి ప్రారంభమవుతుంది. ఆసక్తిగల విద్యార్థినీ విద్యార్థులు గురువారం మూడు గంటల తరువాత తెలుగు శాఖ గదిలో మమ్ములను కలుసుకోవచ్చును. ఫోనులో కనీసం 10 జీబీ ఖాళీ ఉంచుకొని రావలెను. మూలచిత్రాన్ని చెరిపివేయకుండా తెచ్చేవారికే ప్రవేశం.